ఫ్లైట్ బ్యాగు, అన్నం కూలర్: నాలుగు సెక్టార్ల రోజుకి ఏవి కొనాలి?

చీపురుపల్లి_అమ్మాయి · ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది చీపురుపల్లి. హైదరాబాద్ బేస్‌లో ఏ320 విమానం మీద ఫస్ట్ ఆఫీసర్‌గా (కో-పైలట్‌గా) చేరి ఏడు నెలలైంది. మన జిల్లాల వాళ్లలో విమానాల్లో, రైళ్లలో పనిచేసేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారని తెలిసి అడుగుతున్నాను.

పోయిన గురువారం నాకు నాలుగు సెక్టార్లు (ఒకసారి ఎగిరి దిగితే ఒక సెక్టార్). తెల్లవారుజామున మూడున్నరకి క్యాబ్ వచ్చింది. ముందు రోజు రాత్రి అమ్మ మజ్జిగ చిలికి, అల్లం, కరివేపాకు వేసి స్టీలు సీసాలో పోసి ఇచ్చింది. నొక్కి పెట్టే మూత. నాకున్నది ఒకటే బ్యాగు కాబట్టి అందులోనే పక్క అరలో పెట్టాను. మూడో సెక్టార్ దిగాక పాస్‌పోర్టు కోసం చెయ్యి పెడితే అడుగంతా తడి. పాస్‌పోర్టు మధ్య పేజీలో కరివేపాకు రెబ్బ అతుక్కుని ఉంది. లైసెన్సు పుస్తకం అంచులు ఉబ్బిపోయాయి. హెడ్‌సెట్ చెవి మెత్తలు పీల్చుకున్న మజ్జిగ వాసన ఈరోజుకీ పోలేదు. ఐప్యాడ్ విడిగా కవర్లో ఉండబట్టి బతికింది. ఆ రోజు ఇంకో సెక్టార్ ఉంది. చెక్‌లిస్టులు చదువుతూనే ఉన్నాను కానీ, ఇంకేం తడిసిందోనన్న టెన్షన్ లోపల అలాగే ఉంది. డ్యూటీలో అలాంటి ఆలోచన ఉండకూడదు.

ఒకటే బ్యాగు మంచిదా, రెండా? ఎనిమిది, తొమ్మిది గంటలు అన్నం పాడవకుండా ఉండే కూలర్ ఏ సైజుది తీసుకోవాలి? మొత్తం పదిహేను వేలలోపు తేలాలి. ఇంటి తిండి మాత్రం మానలేను. బయటి తిండి నాలుగు రోజులు వరసగా తింటే నా కడుపు ఊరుకోదు.

బొబ్బిలి_కుర్రాడు · ఆదివారం, రాత్రి 10:05

అప్పా, ఎయిర్‌లైన్ వాళ్లే పైలట్లకి భోజనం పెడతారు కదా? మరి ఇంటి నుంచి ఎందుకు? నేనూ పైలట్ అవ్వాలనుకుంటున్నాను, అందుకే అడుగుతున్నాను.

చీపురుపల్లి_అమ్మాయి · ఆదివారం, రాత్రి 10:20

పెడతారు తమ్ముడూ. కానీ తెల్లారి ఐదింటికి వచ్చే ట్రే మధ్యాహ్నం రెండింటి ఆకలికి ఆగదు. దిగి మళ్లీ ఎగిరే లోపు అరగంట ఉంటే, అందులో తినడానికి నాకు మిగిలేది పది నిమిషాలు. అప్పుడు నాకు అలవాటైన తిండి చేతికి అందాలి. అంతే.

నాగావళి_కెప్టెన్ · సోమవారం, ఉదయం 5:50

తల్లీ, నువ్వు అడిగింది చిన్న విషయం కాదు. వివరంగా చెప్తాను.

రెండు బ్యాగులే. కాగితాలు, కరెంటు వస్తువులు ఒకదాంట్లో. తడి తగిలే అవకాశం ఉన్నది ఏదైనా రెండోదాంట్లో. ఒకే బ్యాగులో వేరే అరలున్నాయి కదా అని సరిపెట్టుకోకు. అరల మధ్య ఉండేది ఒక పొర గుడ్డ, మజ్జిగని అది ఆపలేదు.

మూత ఎందుకు లేచిందో కూడా చెప్తాను. మనం పైన ఉన్నప్పుడు క్యాబిన్‌లో గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నంతే ఉంటుంది. 8,000 అడుగుల దగ్గర అది సముద్రమట్టం ఒత్తిడిలో ముప్పాతిక వంతు. నువ్వు ఇంట్లో మూత పెట్టినప్పుడు సీసాలో చిక్కిన గాలి పైకి వెళ్లేసరికి వ్యాకోచించి మూతని తోస్తుంది. మజ్జిగ పులుస్తూ ఉంటే దాని గాలి కూడా తోడవుతుంది. ఇలా రోజుకి నాలుగుసార్లు ఎక్కి దిగితే నొక్కుడు మూత ఏదీ నిలవదు. మర ఉన్న మూత, లోపల రబ్బరు వాషర్ ఉన్నవే కొను. అయినా సీసాని నిలువుగానే పెట్టు.

ఇక ఫ్లైట్ బ్యాగు. నేను చేరిన రోజుల్లో నల్ల తోలు పెట్టె మోసేవాళ్లం. దాన్నిండా చార్టుల (దారి చూపే మ్యాపుల) బైండర్లే. 28 రోజులకోసారి చార్టులు మారుతుంటే హోటల్ గదిలో కూర్చుని పాత పేజీలు పీకి కొత్తవి గుచ్చేవాణ్ని. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2013లో ఆ కాగితాల బ్యాగులు తీసేసి ఐప్యాడ్లు ఇచ్చినప్పుడు ఒక్కో పైలట్ భుజం మీద నుంచి దాదాపు 16 కిలోలు దిగాయి. ఇప్పుడు మనందరిదీ అదే పద్ధతి. కానీ చాలామంది ఇంకా ఆ రోజుల సైజు బ్యాగే కొంటున్నారు. బ్యాగులో చోటుంటే చేతులు ఊరుకోవు, ఏదో ఒకటి నింపుతాం.

నీకు నిజంగా కావలసినవి ఐప్యాడ్, హెడ్‌సెట్, టార్చి, మెరిసే జాకెట్, పాస్‌పోర్టు, ఎయిర్‌పోర్టు పాసు, లైసెన్సు, మెడికల్ సర్టిఫికెట్, ఛార్జర్, పవర్ బ్యాంకు. కళ్లద్దాలు వాడితే రెండో జత కూడా తప్పనిసరి, అది మన మెడికల్ షరతు. ఇవన్నీ 15 లీటర్ల బ్యాగులో పడతాయి. ఏ320లో సీటు పక్కన కిటికీ వైపు దొరికే చోటు ఇరుకు. అందులో దిగే బ్యాగు కొనుక్కో. షాపుకి వెళ్లేముందు ఆ చోటుని టేపుతో కొలుచుకో.

ఇంకోటి. పైలట్ లైసెన్సు ఇప్పుడు ఎలక్ట్రానిక్‌గా ఫోన్లోకి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో మన శ్రీకాకుళం ఎంపీ, విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారే దాన్ని ప్రారంభించారు. ఆ మేరకు కాగితం భయం తగ్గింది. పాస్‌పోర్టు మాత్రం కాగితమే కదా. దాన్ని జిప్పు ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టు, పది రూపాయల పని.

పలాస_లోకో · సోమవారం, ఉదయం 8:15

నేను రిటైరైన లోకో పైలట్‌ని. వాల్తేరు డివిజన్‌లో ముప్పై ఏళ్లకి పైగా పనిచేశాను. విమానం సంగతి నాకు తెలియదు. బండి మీద అన్నం తినడం మాత్రం తెలుసు.

మాకు లైన్ బాక్సు అని ఇనప పెట్టె ఉండేది. ఎర్ర జెండా, పచ్చ జెండా, డిటోనేటర్లు (ప్రమాద హెచ్చరికకి పట్టాల మీద పెట్టే పటాసులు), పనిముట్లు, రూల్ పుస్తకాలు అన్నీ అందులోనే. కొత్తలో నేనూ క్యారేజీ ఆ పెట్టెలోనే పెట్టేవాణ్ని. ఒకసారి చారు ఒలికి జెండా కర్రకి చుట్టుకుపోయి గట్టిపడింది. మా డ్రైవరు గారు (అప్పట్లో డ్రైవరే అనేవాళ్లం) ఆ జెండాని నా ముందే విప్పి చూపించి, "ఇది అవసరపడిన రోజు నీ చారు కోసం ఆగదు" అన్నారు. ఆ రోజు నుంచి అన్నం సంచి వేరు, పెట్టె వేరు. కెప్టెన్ గారు చెప్పింది అక్షరాలా నిజం.

అమ్మా, మజ్జిగ బదులు ఇది చెయ్యమని మీ అమ్మగారికి చెప్పు. అన్నం కాస్త మెత్తగా వండి, గోరువెచ్చగా ఉండగానే కాచిన పాలు పోసి ఒక్క చెంచా పెరుగు వేసి కలపాలి. ఉప్పు అప్పుడు వెయ్యకూడదు, తినేముందే. రాత్రి బయలుదేరేటప్పుడు పాలన్నం, తెల్లారి నౌపడ దాటేసరికి తోడుకున్న పెరుగన్నం. పులవదు, నీరు కారదు. వేసవిలో నాకు అదే దిక్కు.

రాజాం_నర్సు · సోమవారం, ఉదయం 11:30

బాబాయ్ గారి పెరుగన్నం మంచిదే. దానికి ఒక జాగ్రత్త కలపాలి. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. అన్నం ఉడికినా దాని విత్తులు చావవు. వండిన అన్నం గిన్నెలోనే మూతపెట్టి గంటలు గంటలు వదిలేస్తే అవి పెరిగి విషం తయారుచేస్తాయి. అది వాంతులు తెప్పిస్తుంది, మళ్లీ వేడి చేసినా పోదు.

అందుకే వండిన అన్నాన్ని వెడల్పు పళ్లెంలో పరిచి ఆరబెట్టండి. గంట, మహా అయితే రెండు గంటల్లో ఫ్రిజ్‌లోకి వెళ్లిపోవాలి. పాలన్నం తోడుకున్నాక దాన్ని కూడా ఫ్రిజ్‌లో పెట్టి చల్లగానే బ్యాగులోకి తియ్యండి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది. చల్లనిది చల్లగా, వేడిది పొగలు కక్కుతూ. నులివెచ్చగా ఉన్న తిండే నాకు భయం. వార్డులో చాలా చూశాను.

నాగావళి_కెప్టెన్ · సోమవారం, మధ్యాహ్నం 1:10

నర్సమ్మ గారు చెప్పినదానికి మా వృత్తిలో పాత ఉదాహరణ ఉంది. 1975 ఫిబ్రవరిలో టోక్యో నుంచి ఆంకరేజ్ మీదుగా యూరప్ వెళ్తున్న జపాన్ ఎయిర్‌లైన్స్ 747లో ఉదయం టిఫిన్ తిన్న దాదాపు 200 మంది జబ్బుపడ్డారు. వంటమనిషి వేలి మీది పుండు నుంచి స్టెఫిలోకాకస్ పందిమాంసంలోకి చేరింది. ఆ మాంసాన్ని గంటల తరబడి తగినంత చల్లగా ఉంచలేదు. పైలట్లు ఆ టిఫిన్ తినలేదు కాబట్టి విమానం క్షేమంగా దిగింది.

అందుకే కెప్టెన్, ఫస్ట్ ఆఫీసర్ ఒకే వంటకం తినకూడదని చాలా సంస్థల్లో నియమం. ఇంటి డబ్బాకి కూడా ఇదే వర్తిస్తుంది తల్లీ. మన వైపు వాళ్లకి పక్కవాళ్లకి పెట్టకుండా తినడం చేతకాదు. పెట్టు, కానీ విమానం దిగాక పెట్టు.

ఆమదాలవలస_ఫిజిక్స్ · సోమవారం, సాయంత్రం 6:45

కూలర్ గురించి రాస్తాను. ఇంటర్ పిల్లలకి ఈ పాఠమే చెప్తుంటాను.

కూలర్ బ్యాగు చల్లబరచదు. బయటి వేడి లోపలికి రావడాన్ని ఆలస్యం చేస్తుంది, అంతే. చల్లదనం ఇచ్చేది మంచు. ఒక గ్రాము మంచు కరగడానికి 80 క్యాలరీల వేడి కావాలి. అంటే అరకిలో మంచు ప్యాకు పూర్తిగా కరిగేలోపు 40,000 క్యాలరీలు మింగుతుంది. సున్నా డిగ్రీల దగ్గరున్న అర లీటరు నీటిని 80 డిగ్రీలకి తీసుకెళ్లేంత వేడి అది. అంత శక్తిని పొయ్యి మీంచి దించిన అన్నాన్ని చల్లార్చడానికి తగలేస్తే మంచు మొదటి రెండు గంటల్లోనే అయిపోతుంది. డబ్బాలు రాత్రంతా ఫ్రిజ్‌లో ఉండి చల్లబడితే అదే మంచు మధ్యాహ్నం దాకా కాపు కాస్తుంది.

చల్లగాలి బరువు, కిందికి దిగుతుంది. కాబట్టి ఒక ప్యాకు కచ్చితంగా డబ్బాల మీద ఉండాలి. చాలామంది అడుగున పెట్టి వదిలేస్తారు. ఖాళీ చోటు ఉంటే శుభ్రమైన తువ్వాలు కుక్కండి. తెరిచి మూసినప్పుడల్లా లోపలికి వచ్చే వెచ్చటి గాలి తగ్గుతుంది. కూలర్ ఖాళీ బ్యాగుని కూడా రాత్రి ఏసీ గదిలో ఉంచండి, మే నెలలో ఎండకి కాగిన వరండాలో కాదు.

సైజు అడిగారు. లోపలి కొలత 28 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 20 ఎత్తు ఉంటే 11 లీటర్లు. రెండు పూటల డబ్బాలు, రెండు అరకిలో ప్యాకులు, ఒక సీసా సరిపోతాయి. అంతకంటే పెద్దది కొంటే సగం గాలిని చల్లబరుస్తూ తిరుగుతారు.

బొబ్బిలి_కుర్రాడు · సోమవారం, రాత్రి 8:30

మాస్టారూ, డ్రై ఐస్ పెడితే ఇంకా ఎక్కువసేపు ఆగుతుంది కదా? బ్యాటరీతో అన్నం వేడి చేసే లంచ్ బాక్సులు కూడా వస్తున్నాయి.

నాగావళి_కెప్టెన్ · సోమవారం, రాత్రి 9:15

బాబూ, రెండూ వద్దు. డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడు. అది ఆవిరై వాయువే అవుతుంది, కాక్‌పిట్ చిన్న గది. ప్రయాణికులకి కూడా ఎయిర్‌లైన్ అనుమతితో మనిషికి 2.5 కిలోలే పరిమితి. అన్నం కోసం దాని జోలికి పోకూడదు.

బ్యాటరీ డబ్బా సంగతి. లిథియం బ్యాటరీ 100 వాట్ అవర్ల లోపు అయితే వెంట ఉంచుకోవచ్చు. 100 నుంచి 160 మధ్య అయితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు అంటే 74 వాట్ అవర్లు, పర్వాలేదు. కానీ కాక్‌పిట్‌లో బ్యాటరీతో వేడి పుట్టించే వస్తువుని, అందులోనూ తడి తిండి ఉన్నదాన్ని, నేను నా పక్కన ఒప్పుకోను. పవర్ బ్యాంకుని చెకిన్ సామానులో ఎప్పుడూ వెయ్యొద్దు, కూలర్లో అసలే వద్దు. పొడిగా ఫ్లైట్ బ్యాగులోనే ఉండాలి.

మూడులాంతర్లు_బ్యాగులు · మంగళవారం, ఉదయం 10:40

మాది విజయనగరంలో బ్యాగుల రిపేరు షాపు. కొనే ముందు ఏం చూడాలో చెప్తాను చెల్లెమ్మా, ఎందుకంటే పాడైనవన్నీ నా దగ్గరికే వస్తాయి.

పది బ్యాగులొస్తే ఆరేడు జిప్పువే. గుడ్డ చిరిగినవి తక్కువ. జిప్పు పళ్లు బాగానే ఉంటాయి, రన్నర్ అరిగి పళ్లని కలపడం మానేస్తుంది. షాపులో బ్యాగుని నిండా నింపి, మూల తిరిగేచోట జిప్పుని ఒంటిచేత్తో లాగి చూడండి. అక్కడ పట్టేస్తే ఆర్నెల్లకి నా దగ్గరికే వస్తారు. వైకేకే జిప్పు అయితే రన్నర్ మీద ఆ అక్షరాలుంటాయి. బ్యాగు లోపలికి చెయ్యి పెట్టి పట్టీ కుట్టినచోట చూడండి. నాలుగు పక్కలా కుట్టి మధ్యలో అడ్డంగా కత్తెర కుట్టు ఉండాలి. ఒక్క వరస కుట్టు అయితే బరువుకి ఊడిపోతుంది.

ట్రాలీ తీసుకుంటే చక్రం స్క్రూతో బిగించినదే తీసుకోండి. రివెట్ కొట్టిన చక్రం మార్చాలంటే అడుగంతా కొయ్యాలి. నాలుగు చక్రాలది నున్నటి నేల మీద వేలితో తోస్తే పోతుంది కానీ, మన రోడ్ల మీద చిన్న చక్రం రాయి తగిలి ఆగుతుంది, ఇరుసు వంగుతుంది. రెండు చక్రాలదే గట్టిది.

గాజులరేగ_క్రూ · మంగళవారం, మధ్యాహ్నం 3:20

అన్నయ్యా, ఇక్కడ నేను ఒప్పుకోను. నేను క్యాబిన్ క్రూ, ఐదేళ్లయింది. టెర్మినల్ నేల నున్నగానే ఉంటుంది. విమానం నడవలో నాలుగు చక్రాల పెట్టె పక్కవాటంగా నిలువుగా నడుస్తుంది. రెండు చక్రాలది వంచి లాగాలి, మణికట్టు నొప్పి. నా పాత రెండు చక్రాల పెట్టెతో రెండేళ్లు కుడి మణికట్టుకి పట్టీ వేసుకున్నాను.

చెల్లీ, నీకు చెప్పేది ఒకటి. గొట్టం ఉన్న నీళ్ల సీసా కొనకు. పైకి వెళ్లాక దాని మూత తెరిస్తే లోపలి గాలి నీళ్లని గొట్టంలోంచి పిచికారీలా కొడుతుంది. ఒక ఫస్ట్ ఆఫీసర్ గారి చొక్కా తడిసిపోవడం నా కళ్లతో చూశాను. ఆ రోజు తడిసింది చొక్కాయే, ముందున్న స్విచ్చులు కాదు. అదే అదృష్టం.

ఇంకా, మా గ్యాలీలో (విమానం వంటగదిలో) ఫ్రిజ్ ఉంటుందని లెక్క వేసుకోవద్దు. చాలా విమానాల్లో ఉండదు. కొన్నింట్లో ఓవెన్ కూడా ఉండదు. ఐస్ మిగిలితే జిప్పు కవర్లో వేసి ఇస్తాను, అడగడానికి మొహమాటపడకు. ఎండు చేపల కూర, వెల్లుల్లి కారం మాత్రం ఇంట్లోనే తిని రా. తలుపు మూసిన గదిలో ఆ వాసన మూడు గంటలు ఉంటుంది, పక్కనున్న కెప్టెన్‌కి తలనొప్పి అయితే అది మనవల్లే.

నాగావళి_కెప్టెన్ · మంగళవారం, రాత్రి 7:30

గొట్టం సీసా సంగతి చెప్పి మంచి పని చేశావమ్మా. 2019 ఫిబ్రవరిలో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కాన్‌కున్ వెళ్తున్న ఒక ఏ330లో మూత లేని కాఫీ కప్పు ఒరిగి ఆడియో కంట్రోల్ ప్యానెల్ మీద పడింది. ప్యానెల్ వేడెక్కి కరిగింది, కాక్‌పిట్‌లో పొగ, వాసన వచ్చాయి. అట్లాంటిక్ మీద నుంచి విమానాన్ని ఐర్లండ్‌లోని షానన్‌కి తిప్పారు. ఏ350లో కూడా మధ్య పీఠం (పైలట్లిద్దరి సీట్ల మధ్య స్విచ్చులు, లివర్లు ఉండే గట్టు) మీద పానీయాలు ఒలికి ఇంజిన్ ఆగిన ఘటనలు జరిగాక, 2020లో యూరప్ విమాన భద్రతా సంస్థ ద్రవాలు పెట్టకూడని చోట్లు గీసి ఆదేశం ఇచ్చింది.

కాబట్టి తల్లీ, ఏదైనా కిటికీ వైపు నుంచే అందుకో, కిటికీ వైపే పెట్టు. మధ్య పీఠం మీదుగా ఎవరి చేతికీ ఏదీ అందించకు, మంచినీళ్లైనా సరే. ఏ320లో మన ముందు స్టీరింగ్ ఉండదు కాబట్టి బల్ల బయటికి లాగి తినొచ్చు. 737 వాళ్లకి ఆ వసతి లేదు.

చక్రాల తగువులో నా ఓటు రెండు చక్రాలకే. వంచి లాగే ఈ చక్రాల పెట్టెని తెచ్చిందే ఒక పైలట్. 1987లో నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ 747 పైలట్ రాబర్ట్ ప్లాత్ పెట్టెని నిలువుగా నిలబెట్టి, రెండు చక్రాలు, లాగే కడ్డీ పెట్టాడు. ముందు తోటి సిబ్బందికి అమ్మాడు. వాళ్లు ఎయిర్‌పోర్టుల్లో లాక్కెళ్తుంటే ప్రయాణికులు చూసి అడిగారు. ట్రావెల్‌ప్రో కంపెనీ అలా పుట్టింది. సిబ్బంది కోసం చేసే పెట్టెలకి ముందువైపు ఒక కొక్కెం పట్టీ ఉంటుంది. దానికి కూలర్ తగిలించి రెండూ ఒంటిచేత్తో లాగొచ్చు. నాలుగు చక్రాల పెట్టెకి ముందు బరువు తగిలిస్తే ఒరిగిపోతుంది. నీకు కూలర్ తప్పదు కాబట్టి నేను ఇటువైపు.

అన్నిటికంటే ముందు మీ కంపెనీ యూనిఫాం నియమం చదువు. బ్యాగు రంగు, సైజు, బయటికి కనిపించే కూలర్ ఒప్పుకుంటారో లేదో అందులో ఉంటుంది. చాలాచోట్ల నలుపే.

అరసవల్లి_పిన్ని · బుధవారం, ఉదయం 11:00

అందరూ డబ్బా గురించే మాట్లాడుతున్నారు, అందులో ఏం పెట్టాలో నేను చెప్తాను. నా కొడుకు మర్చంట్ నేవీ. పదేళ్లుగా ప్రయాణాలకి కట్టి పంపుతున్నాను.

గుంటా, ఆవ పెట్టిన పులిహోర నీకు బంగారం. చింతపండు పులుపు, నూనె, ఆవ ముద్ద. తొందరగా పాడవదు, చల్లగా తిన్నా బాగుంటుంది, చెంచాతో పది నిమిషాల్లో అయిపోతుంది. ఆవ మరీ ఎక్కువ వద్దు, ఆకాశంలో ముక్కు మండితే ఇబ్బంది. రెండోది చోడి (రాగి) రొట్టె. పిండి వేడినీళ్లతో కలిపి, ఉల్లిపాయ బదులు మునగాకు వేసి పల్చగా కాల్చి, పూర్తిగా ఆరాక ఒక్కోదాని మధ్య అరిటాకు ముక్క వేసి చుట్టాలి. వేడి మీద చుడితే ఆవిరి పట్టి నీరు కారుతుంది. మూడోది అరటికాయ ఉప్మాకూర, పొడిపొడిగా. పక్కన కందిపొడి. బెల్లం ఆవకాయ తినాలనిపిస్తే ముక్క మాత్రం తీసి చిన్న డబ్బాలో పెట్టుకో, ఊట వద్దు. ఊట ఏ మూతకీ లొంగదు.

పలాస జీడిపప్పు వేయించి గుప్పెడు జేబులో వేసుకో. తినడానికి టైము దొరకని రోజు అదే కాపాడుతుంది. ఎండుకొబ్బరి, బెల్లం కూడా పంపమని చెప్పనా మీ అమ్మకి?

నాగావళి_కెప్టెన్ · బుధవారం, మధ్యాహ్నం 12:25

అక్కా, చదువుతుంటేనే ఆకలేసింది. కానీ ఎండుకొబ్బరి చిప్పలు వద్దు. వాటిలో నూనె ఎక్కువ, వాటంతటవే వేడెక్కి అంటుకునే గుణం ఉంది. అందుకే విమానాల్లో కొబ్బరి కురిడీలని ప్రమాదకర సరుకుల్లో లెక్కేస్తారు, సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు.

అమ్మాయి ముందుముందు గల్ఫ్ సెక్టార్లు ఎగిరితే ఇంకో జాగ్రత్త. యూఏఈలో గసగసాలు నిషిద్ధం. కూరలో గానీ మసాలాలో గానీ ఒక్క గింజ కూడా ఉండకూడదు. ఆ సెక్టార్లకి డబ్బా కట్టేవాళ్లకి ముందే చెప్పాలి. ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో మిగిలిన తిండి విమానంలోనే వదిలేసి దిగాలి, పండు ముక్క కూడా తీసుకెళ్లకూడదు. మంచు ప్యాకులు కూడా అంతర్జాతీయ సెక్యూరిటీలో కరిగితే ద్రవం కిందికే వస్తాయి. గట్టిగా గడ్డకట్టి ఉంటేనే గొడవ ఉండదు.

అరసవల్లి_పిన్ని · బుధవారం, మధ్యాహ్నం 12:50

అమ్మో, గసగసాలు నేను కోడికూరలో తప్పకుండా వేస్తాను. మా వాడి ఓడ దుబాయ్ వైపే వెళ్తుంది. ఈ రోజే మసాలా డబ్బా విడిగా చేస్తాను. చెప్పి పుణ్యం కట్టుకున్నావు తమ్ముడూ.

చీపురుపల్లి_అమ్మాయి · మూడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 8:15

అందరికీ దండాలు. కొన్నాక వాడి చూసి రాద్దామని ఇన్ని రోజులు ఆగాను.

కంపెనీ నియమం చదివాను. నలుపు, గుర్తులు, బొమ్మలు లేనివి, కూలర్ ఒప్పుకుంటారు. సీటు పక్క చోటు కొలుచుకున్నాను. అంతకుముందు నేను చూసి పెట్టుకున్న బ్యాగు మూడు వేళ్లు ఎక్కువ వచ్చేది. 14 లీటర్ల చిన్న బ్యాగు తీసుకున్నాను. షాపులో దాన్ని నా మెరిసే జాకెట్, ఇంకా వాళ్ల దగ్గరున్న కాగితాలు కుక్కి నింపి, మూల దగ్గర జిప్పు ఒంటిచేత్తో లాగాను. మొదటి రెండు బ్యాగులు అక్కడే పట్టేశాయి, మూడోది తీసుకున్నాను. షాపతను వింతగా చూశాడు, పర్లేదు.

చక్రాల విషయంలో గాజులరేగ అప్పకి క్షమాపణ. కూలర్ తగిలించాలి కాబట్టి రెండు చక్రాలదే తీసుకున్నాను, చక్రం స్క్రూదే. మణికట్టు కోసం చెయ్యి మార్చి మార్చి లాగుతున్నాను. కూలర్ ఫిజిక్స్ మాస్టారు చెప్పిన కొలతకి దగ్గరగా దొరికింది, 10 లీటర్లు. అన్నీ కలిపి పదమూడు వేల చిల్లర అయింది.

మొన్న బుధవారం నాలుగు సెక్టార్లు పడ్డాయి. రాత్రి ఎనిమిదింటికి పాలన్నం కలిపి తోడు పెట్టి, తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టాను. తెల్లవారి మూడింటికి డబ్బాలు, మీద ఒక ప్యాకు, పక్కన ఒకటి, మధ్యలో తువ్వాలు. మధ్యాహ్నం పన్నెండున్నరకి మూడో సెక్టార్ దిగాక తెరిచాను. పై ప్యాకు మధ్యలో ఇంకా వేలి మందం మంచు గట్టిగా ఉంది. డబ్బా బయట చెమట పట్టింది, లోపల పెరుగన్నం కదలకుండా గడ్డలా ఉంది. ఉప్పు అప్పుడు కలుపుకున్నాను బాబాయ్ గారూ. ఎనిమిది నిమిషాల్లో తినేశాను. కెప్టెన్ గారు తన ట్రే తిన్నారు. పులిహోర మాత్రం ఆఖరి సెక్టార్ అయ్యాక క్రూ వ్యానులో అందరం పంచుకున్నాం.

ఒక్కటి మాత్రం తేలలేదు. పెరుగన్నం డబ్బా మూతలో తెల్ల రబ్బరు ఉంటుంది కదా, అది తీసి కడిగినా పెరుగు వాసన వదలట్లేదు. ఏం చెయ్యాలి?

అరసవల్లి_పిన్ని · శనివారం, రాత్రి 8:40

రబ్బరు బయటికి తీసి, వంటసోడా కలిపిన గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నానబెట్టు. పొద్దున్న కడిగి ఎండలో అరగంట ఉంచు. ఎక్కువసేపు ఉంచితే రబ్బరు బిగుసుకుపోతుంది. పెరుగుకి ఒక డబ్బా, పులిహోరకి ఒక డబ్బా విడిగా పెట్టుకో, ఒకదాని మూత ఇంకోదానికి మార్చకు. వచ్చేనెల నీకు వైజాగ్‌లో రాత్రి బస ఉంటే ముందే చెప్పు. శ్రీకాకుళం నుంచి బస్సులో వచ్చి నేనే చోడి రొట్టెలు ఇచ్చి వెళ్తాను.

మూడులాంతర్లు_బ్యాగులు · ఆదివారం, ఉదయం 9:05

చెల్లెమ్మా, ఈసారి ఇంటికి వచ్చినప్పుడు ఆ కొక్కెం పట్టీ ఒకసారి చూపించు. కొత్త పట్టీలకి బకిల్ దగ్గర కుట్టు పల్చగా ఉంటుంది, మంచుతో కూలర్ బరువు నాలుగు కిలోలు దాటుతుంది. రెండో వరస కుట్టు వేసి ఇస్తాను, పది నిమిషాల పని.